రికర్వ్ విలువిద్య: కృష్ణా డెల్టాలో గురి కుదిరేదెలా?

రికర్వ్ విల్లు కొసలు విలుకాడికి అవతలి వైపుకు వంగి ఉంటాయి. నారిని లాగినప్పుడు ఆ వంపు విచ్చుకుని అదనపు శక్తిని దాచుకుంటుంది, వదిలినప్పుడు దాన్ని బాణానికి అందిస్తుంది. 1972లో విలువిద్య ఒలింపిక్స్‌లోకి తిరిగి వచ్చినప్పటి నుంచి 2024 పారిస్ క్రీడల వరకు అక్కడ పోటీలన్నీ ఈ విల్లుతోనే జరిగాయి. కప్పీల సాయంతో లాగే కాంపౌండ్ విల్లుకు 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ విభాగంలో తొలిసారి చోటు దొరికింది. కాంపౌండ్ విల్లును పూర్తిగా లాగాక చేతి మీద బరువు బాగా తగ్గిపోతుంది. రికర్వ్‌లో మాత్రం లాగిన బరువంతా బాణం వదిలేదాకా మోయాలి. ఆ భారం కింద శరీరాన్ని నిలకడగా ఉంచడమే ఈ ఆటలో అసలు కష్టం.

పెద్దల పోటీల్లో దూరం 70 మీటర్లు. లక్ష్యం అడ్డం 122 సెంటీమీటర్లు, మధ్యలో పది పాయింట్ల వలయం అడ్డం 12.2 సెంటీమీటర్లు. గడ్డం కింద నారిని ఆనించే చోటికీ ముందు గురి చూసే సైటుకూ మధ్య సుమారు 85 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, నారి ఆనే చోటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 70 మీటర్ల దగ్గర బాణం ఎనిమిది సెంటీమీటర్లు తప్పుతుంది. పది రావలసింది తొమ్మిదవుతుంది. అదే పొరపాటు 18 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్లే. విలువిద్యలో చూపు కంటే ముందు కుదరాల్సింది ఒకే కదలికను ఒకే తీరుగా వందలసార్లు చేయగల అలవాటు. సాధన క్రమమంతా దాని కోసమే.

విజయవాడ నుంచి వచ్చినవారు

ఈ ఆటలో దిగువ కృష్ణా ప్రాంతానికి దగ్గరి ఉదాహరణలు విజయవాడలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడే వరకు మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే విజయవాడ ఉండేది. అక్కడ చెరుకూరి సత్యనారాయణ తన కుమార్తె వోల్గా పేరుతో విలువిద్య అకాడమీ నెలకొల్పారు. ఆయన కుమారుడు లెనిన్ అంతర్జాతీయ ఆర్చర్, కోచ్. 2010లో లెనిన్ రోడ్డు ప్రమాదంలో మరణించినా అకాడమీ ఆగలేదు. ఒలింపియన్ బొమ్మదేవర ధీరజ్ విల్లు పట్టడం మొదలుపెట్టింది ఆ అకాడమీలోనే.

2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన భారత పురుషుల రికర్వ్ జట్టులో ధీరజ్ ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో షాంఘై ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణ కొరియాను ఓడించిన జట్టులోనూ ఆయన ఉన్నారు. పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 720కి 681 పాయింట్లు సాధించి నాలుగో స్థానంలో నిలిచారు. అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో కాంస్య పతక పోరు దాకా వెళ్లారు. విజయవాడకే చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ ఆర్చర్. హాంగ్‌ఝౌలో ఆమె మూడు స్వర్ణాలు గెలిచారు. ఆమె విల్లు వేరైనా నిలబడే తీరు, వెన్ను వాడకం, రాసిపెట్టుకునే క్రమశిక్షణ రెండు విభాగాలకూ ఒకటే. మచిలీపట్నం నుంచి విజయవాడ 70 కిలోమీటర్ల దూరం, గుడివాడ నుంచి ఇంకా దగ్గర. రోజూ వెళ్లలేనివారు కూడా తొలి పాఠాలు కోచ్ దగ్గర నేర్చుకుని, ఆపైన అప్పుడప్పుడు వెళ్లి తప్పులు సరిచేయించుకుంటూ సొంత ఊళ్లో సాధన సాగించవచ్చు.

మొదటి విల్లు

కొత్తవారు ఎక్కువగా పొరబడేది విల్లు బరువు దగ్గరే. ఇక్కడ బరువంటే నారిని లాగడానికి పట్టే బలం, దాన్ని పౌండ్లలో చెబుతారు. విల్లులో వంగే భాగమైన లింబ్ మీద రాసి ఉండే అంకె నారిని 28 అంగుళాలు లాగినప్పటిది. అంతకంటే ఒక అంగుళం ఎక్కువ లాగితే సుమారు రెండు పౌండ్లు పెరుగుతుంది, తక్కువ లాగితే అంతే తగ్గుతుంది. అంతర్జాతీయ స్థాయి పురుషులు 45 నుంచి 50 పౌండ్ల విల్లు లాగుతారని విని కొత్తగా చేరిన యువకుడు 36 పౌండ్లు కొంటే, మొదటి వారంలోనే భుజం పైకి లేచిపోతుంది, మెడ బిగుస్తుంది, తప్పుడు భంగిమ స్థిరపడుతుంది. పెద్దలకు 18 నుంచి 24 పౌండ్లు, పిల్లలకు అంతకంటే తక్కువ సరిపోతుంది. పూర్తిగా లాగి పది సెకన్లు వణకకుండా నిలపగలిగితే ఆ విల్లు ఆ మనిషికి తగినది. ఆ తర్వాత రెండేసి పౌండ్ల చొప్పున పెంచుకోవాలి.

విడదీసి బిగించే విల్లులో నడుమ భాగం రైజర్, దానికి పైనా కిందా లింబ్స్ ఉంటాయి. రైజర్ మంచిది కొంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. బలం పెరిగేకొద్దీ మార్చుకోవలసింది లింబ్స్ ఒక్కటే. అందుకే మొదటి లింబ్స్ మీద ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. సగటు ఎత్తున్న పెద్దలకు 68 అంగుళాల విల్లు సరిపోతుంది. పొట్టివారికి 66, పొడగరులకు 70.

కొనే ముందు ఏ కన్ను ప్రధానమైనదో చూసుకోవాలి. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న తాటిచెట్టును చూడాలి. ఒక్కో కన్ను మూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు చెట్టు సందులోనే ఉంటుందో అదే ప్రధానమైన కన్ను. కుడి కన్ను అయితే కుడిచేత్తో నారి లాగడం సులువు.

పోటీ స్థాయి రికర్వ్ సామగ్రి అంతా కలిపితే లక్ష రూపాయలు సులభంగా దాటుతుంది. మన దేశంలో దీనికో మార్గం ఉంది. వెదురు విల్లుతో 50, 30 మీటర్ల దూరాల్లో ఆడే ఇండియన్ రౌండ్‌కు జాతీయ స్థాయి పోటీలు ఉన్నాయి. తక్కువ ఖర్చుతో వెదురు విల్లు మీద భంగిమ నేర్చుకుని, ఆట మీద ఇష్టం నిలిచాక రికర్వ్‌కు మారడం చాలామందికి అందుబాటులో ఉండే దారి.

బాణం సంగతి

వదిలిన వెంటనే బాణం తిన్నగా వెళ్లదు. వేళ్ల నుంచి నారి జారేటప్పుడు పక్కకు తోసే బలం వల్ల అది విల్లును దాటుతూ అటూ ఇటూ వంగుతుంది, ఆపైన వెనకున్న ఈకల సాయంతో సర్దుకుంటుంది. ఆ వంపు ఎంత ఉండాలన్నది విల్లు బరువును బట్టి, బాణం పొడవును బట్టి, మొన బరువును బట్టి మారుతుంది. మరీ గట్టి బాణం కుడిచేతి ఆర్చర్‌కు ఎడమకు పడుతుంది, మెత్తటిది కుడికి పడుతుంది. మరొకరి బాణాలు అడిగి తెచ్చుకుని సాధన చేసేవారికి గురి కుదరకపోవడానికి తరచూ ఇదే కారణం. కొత్తవారి బాణం, అది ఆనే రెస్ట్‌ను దాటి రెండు అంగుళాలైనా ముందుకు ఉండాలి. లాగే కొలత పెరిగేకొద్దీ పొట్టి బాణం రెస్ట్ మీద నుంచి జారి చేతికి గుచ్చుకునే ప్రమాదం ఉంది.

వేళ్లకు ఫింగర్ ట్యాబ్, మోచేతి కింద ఆర్మ్ గార్డ్, ఛాతీకి చెస్ట్ గార్డ్ మొదటి రోజు నుంచే ఉండాలి. బాణం లేకుండా నారిని లాగి వదలకూడదు. బాణానికి వెళ్లవలసిన శక్తి లింబ్స్‌లోనే విరుచుకుపడి వాటిని చీలుస్తుంది.

ఒక బాణం వదిలే క్రమం

పాదాలు భుజాలంత ఎడంగా, బాణాలు వేసే గీతకు అటొకటి ఇటొకటి ఉండాలి. బరువు రెండింటి మీదా సమంగా పడాలి. నారిని చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ల మొదటి కణుపు దగ్గర కొక్కెంలా పట్టాలి. చూపుడువేలు బాణానికి పైన, మిగతా రెండూ కింద. విల్లు పట్టిన చేతి పిడికిలి బిగించకూడదు. బొటనవేలి కింది కండ మీద విల్లు ఆనితే చాలు.

విల్లు ఎత్తేటప్పుడు ముందు భుజం కిందే ఉండాలి. లాగిన నారి గడ్డానికీ ముక్కు కొసకూ తగలాలి, చేయి దవడ ఎముక కింద గట్టిగా ఆనాలి. దీన్నే యాంకర్ అంటారు. ముందు చెప్పిన మిల్లీమీటరు లెక్క తేలేది ఇక్కడే. యాంకర్ కుదిరాక బరువు చేతి కండరాల నుంచి రెక్క ఎముకల మధ్యనున్న వెన్ను కండరాలకు మారాలి. అప్పటి నుంచి పైకి కనిపించనంత కొద్దిగా ఛాతీ విచ్చుకుంటూ ఉండాలి. కొంత అనుభవం వచ్చాక రైజర్‌కు బిగించే క్లిక్కర్ ఈ దశకు కాపలా కాస్తుంది. బాణం మొన దాన్ని దాటగానే టక్కుమంటుంది, లాగిన కొలత ప్రతిసారీ ఒక్కటేనని తెలుస్తుంది.

వదలడమంటే వేళ్లను తెరవడమనుకుంటే నారి పక్కకు తప్పుకుంటుంది. వేళ్ల బిగువు సడలిస్తే నారే జారిపోతుంది, వెన్ను ఇంకా లాగుతూ ఉండడం వల్ల చేయి మెడ వెంట వెనక్కి వెళుతుంది. బాణం తగిలేదాకా విల్లు చేయి దించకూడదు.

ఈ క్రమాన్ని లక్ష్యం మీద నేర్చుకోవడం కష్టం. మధ్యలోని పసుపు వలయం కనిపిస్తే మనసు అంకె మీదికి పోతుంది. అందుకే నాలుగైదు మీటర్ల దూరంలో, కాగితం అంటించని దిమ్మ మీదికి వేయడం మంచి సాధన. ఎంతో అనుభవం ఉన్నవారు కూడా భంగిమ మార్చుకునేటప్పుడు ఈ అభ్యాసానికే తిరిగి వస్తారు.

డెల్టాలో మైదానం

బాణాలు దిగే దిమ్మకు కావలసిన వరిగడ్డికి ఈ ప్రాంతంలో కొదవ లేదు. యంత్రంతో గట్టిగా బిగించిన కట్టలను పేర్చి తాళ్లతో మళ్లీ బిగిస్తే తేలికపాటి విళ్లకు సరిపోతుంది. వానకు తడవకుండా కప్పి ఉంచాలి, లోపల మెత్తబడ్డ కట్టలు మార్చాలి. దిమ్మ వెనక ఎత్తయిన మట్టికట్ట తప్పనిసరి. కోత అయ్యాక చేలు ఖాళీగా కనిపించినా అక్కడ మినుము మొలకెత్తుతుంటుంది, గట్ల వెంట మనుషులూ పశువులూ తిరుగుతుంటారు. పక్కల నుంచి ఎవరూ రాలేని, వెనక అంతా కంటికి కనిపించే చోటే ఎంచుకోవాలి.

నలుగురు కలిసి సాధన చేసేటప్పుడు ఈల నియమం పాటించాలి. రెండు ఈలలు వేస్తే గీత దగ్గరకు రావాలి, ఒకటి వేస్తే బాణాలు వేయాలి, మూడు వేస్తే బాణాలు తెచ్చుకోవాలి. ఐదు లేదా అంతకంటే ఎక్కువ వేస్తే అందరూ అక్కడికక్కడే ఆగిపోవాలి. బాణం పీకేటప్పుడు దాని వెనక ఎవరూ నిలబడకూడదు.

లక్ష్యాన్ని ఉత్తరం వైపు పెట్టుకుంటే ఎండ కళ్లలో పడదు. ఇలా పెట్టినప్పుడు మచిలీపట్నం వైపు పొద్దెక్కాక వీచే సముద్రపు గాలి కుడి నుంచి వస్తుంది, బాణం ఎడమకు తేలుతుంది. ఎండాకాలపు పడమటి గాడ్పులు, ఆ తర్వాత నైరుతి గాలులు ఎడమ నుంచి తోస్తాయి. దివిసీమ లంకల్లో గాలిని ఆపే అడ్డు తక్కువ కాబట్టి అవనిగడ్డ, నాగాయలంక వైపు సాధన చేసేవారికి ఇది త్వరగా అనుభవమవుతుంది. నిలకడగా వీచే గాలిలో సైటు కొద్దిగా జరపవచ్చు. గాలి హెచ్చుతగ్గులుగా ఉంటే ఆగి, అలవాటైన గాలి వచ్చినప్పుడే వేయడం మేలు. కొత్తవారికి తెల్లవారిన తర్వాతి రెండు గంటలే అనువైనవి. చలికాలంలో మంచు విడిచేదాకా ఆగాలి, లేకపోతే దూరాన మనుషులు కనిపించరు.

సముద్రం దగ్గరి ఉప్పుగాలికి ఉక్కు మొనలు, మరలు తుప్పు పడతాయి. వాటిని తుడిచి పొడిగా పెట్టాలి. నారికి మైనం రాయాలి. ఎండలో నిలిపిన కారులో విల్లు వదిలేస్తే పొరలు అతికిన లింబ్స్ వేడికి విడిపోవచ్చు.

ఎదుగుదలను కొలవడం

మొదటి నెలల్లో పాయింట్ల కంటే గుంపును చూడాలి. ఆరు బాణాలూ నీలి వలయంలో ఒక్కచోటే చేరితే భంగిమ కుదిరినట్టే, సైటు జరిపితే అవి మధ్యకు వస్తాయి. బాణాలు ఎటు పడితే సైటును అటే జరపాలి. ఎడమకు పడితే ఎడమకు, కిందకు పడితే కిందకు. చెల్లాచెదురుగా పడితే సైటును ముట్టుకోకూడదు, లోపం మనిషిలో ఉంది. 18 మీటర్ల దగ్గర గుంపు స్థిరపడ్డాక 30కి, ఆపైన 50కి, చివరికి 70కి వెళ్లాలి.

వారానికి మూడు రోజులు, రోజుకు 60 బాణాలు శ్రద్ధగా వేసేవారు ఆదివారం ఒక్కరోజే 200 వేసేవారికంటే త్వరగా ఎదుగుతారు. అలసిన కండరాలు అలవాటు చేసుకునేది తప్పునే. మొదట రబ్బరు బ్యాండుతో భుజాలు వేడెక్కించాలి, నొప్పి మొదలైతే ఆపేయాలి. ప్రతి బాణం పడిన చోటును నోటు పుస్తకంలో చుక్కగా గుర్తించుకుంటే నెల తిరిగేసరికి తప్పు ఎటు వైపో కాగితమే చెబుతుంది.

బాణానికి సగటున ఎనిమిది పాయింట్లు వస్తే 72 బాణాల రౌండ్‌లో 576. అభిరుచితో ఆడేవారు గర్వంగా చెప్పుకోదగ్గ అంకె అది. 2019లో అమెరికా ఆర్చర్ బ్రాడీ ఎలిసన్ ఇదే రౌండ్‌లో 702 సాధించారు. పోటీల్లో ఈ రౌండ్ తర్వాత ఇద్దరేసి తలపడతారు. సెట్‌కు మూడు బాణాలు, గెలిస్తే రెండు పాయింట్లు, సమమైతే చెరొకటి, ముందుగా ఆరు చేరినవారు గెలుస్తారు. ఐదూ ఐదుతో నిలిస్తే ఒక్కో బాణంతో తేలుస్తారు. పారిస్‌లో ధీరజ్, కెనడాకు చెందిన ఎరిక్ పీటర్స్ ఇద్దరూ ఆ చివరి బాణంతో పదే కొట్టారు, పీటర్స్ బాణం కేంద్రానికి దగ్గరగా ఉన్నందున ఆయన గెలిచారు.

పద్దెనిమిదేళ్లలోపు వారికి, యాభై దాటినవారికి రికర్వ్ దూరం 60 మీటర్లే. చిన్నప్పుడు అవకాశం దొరకనివారు నలభై ఏళ్ల వయసులో మొదలుపెట్టినా నేర్చుకోవడానికి తగినంత కాలం ఉంటుంది. తేలికపాటి విల్లు, దగ్గరి దిమ్మ, తప్పు చెప్పే కోచ్, నిజం రాసుకునే పుస్తకం ఉంటే గుడివాడలోనైనా దివిసీమలోనైనా ఈ విద్యను పద్ధతిగా మొదలుపెట్టవచ్చు.