చెరకు తోటలో తేమ సెన్సార్లు: సీరియల్ బస్సు ఎంపికలో తీగ పొడవు ప్రాధాన్యం

అనకాపల్లి జిల్లా కోటవురట్ల వంటి ప్రాంతంలో ఒక చెరకు తోటకు, నేల తేమను సెన్సార్లతో కొలిచి మోటారును నడిపించే అమరికను తలపెట్టినట్లు భావించవచ్చును. ప్రయోగశాల బల్లపై అది చక్కగా పనిచేయును. సెన్సార్లను సాళ్ల మధ్యకు, మైక్రోకంట్రోలరును మోటారు గదికి చేర్చిన పిదప కొలతలు తప్పనారంభించును. ఇట్టి సందర్భాలలో సెన్సారును మార్చుటకు ముందు సీరియల్ బస్సును, అనగా పలు పరికరాలు కొద్దిపాటి తీగలపై బిట్టు వెంట బిట్టుగా సమాచారాన్ని పంపుకొను మార్గాన్ని, పరిశీలించవలెను.

చవకగా దొరకు సెన్సార్లలో అనేకం ఐ2సి బస్సును వాడును. ఫిలిప్స్ సంస్థ 1982లో దీనిని ఒకే పరికరంలోని చిప్‌ల మధ్య సంభాషణకై రూపొందించినది. పొలం గట్లు దాటించుట దాని ఉద్దేశం కాదు. ఇందు డేటాకు ఒకటి, క్లాకుకు ఒకటి చొప్పున రెండు తీగలుండును. పరికరాలు తీగను సున్నా స్థాయికి దించగలవే గాని పైకి లేపలేవు. తీగను వదలినపుడు పుల్-అప్ రెసిస్టరు ద్వారా వోల్టేజి క్రమంగా పెరుగును. తీగ పొడవు పెరిగిన కొలది దాని కెపాసిటెన్స్ పెరిగి, ఈ పెరుగుదల మందగించును. 100 కిలోహెర్ట్‌జ్ వేగంలో ఇది 1 మైక్రోసెకనులో ముగియవలెను. బస్సు మొత్తం కెపాసిటెన్స్ 400 పికోఫారడ్‌లు మించరాదు. సాధారణంగా వాడు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టరుతోనైతే లెక్క ప్రకారం సుమారు 250 పికోఫారడ్‌లకే గడువు తీరిపోవును. మీటరుకు 50 నుండి 100 పికోఫారడ్‌లుండు కేబులు రెండున్నర నుండి ఐదు మీటర్లలోనే ఆ హద్దును చేరును.

అసలు ప్రమాదం నిశ్శబ్దంగా జరుగు వైఫల్యంలో ఉన్నది. సెన్సారు బదులీయకున్నచో తీగ పై స్థాయిలోనే నిలిచి, ప్రతి బిట్టూ ఒకటిగా, బైటు 255గా చదువబడును. అంగీకార బిట్టును తనిఖీ చేయని ప్రోగ్రాము దానినే తేమగా స్వీకరించును. స్కేలు దిశను బట్టి, తడిసిన తోటకు మరల నీరు పారుట గాని, ఎండిన తోటకు మోటారు కదలకుండుట గాని సంభవించును.

కావున ఐ2సిని పెట్టె లోపలికి పరిమితం చేసి, పొలంలో ఆర్ఎస్-485ను వాడుట మేలు. ఇందు రెండు తీగల వోల్టేజిల భేదమే సంకేతం. మోటారు స్టార్టరు రొద రెండింటిపైనా ఇంచుమించు సమంగా పడుటచే భేదం చెదరదు. తక్కువ వేగంలో ఇది సుమారు 1,200 మీటర్లు పనిచేయును. మెలివేసిన తీగల జతను వాడి, రెండు కొసలలోనూ 120 ఓమ్‌ల రెసిస్టరును అమర్చవలెను. దీనిపై మోడ్‌బస్ ఆర్‌టీయూ పద్ధతిని వాడినచో ప్రతి సందేశంతో 16 బిట్ల తనిఖీ సంఖ్య వచ్చును. అది సరిపోలని కొలతను విడిచిపెట్టి, మరల అడుగునట్లు ప్రోగ్రామును వ్రాయవలెను.