అడుగుల చప్పుడు వినిపిస్తే భ్రమ అని కొట్టేయకండి

ఇంటి పెద్ద ఇంతెఖాల్ అయి నెలలు గడిచిపోతాయి. అయినా ఇషా నమాజు ముగిసే వేళకు గుమ్మం దగ్గర ఆయన చెప్పుల చప్పుడు వినిపించినట్టే ఉంటుంది. చాయ్ పోసేటప్పుడు చేయి తనకు తెలియకుండానే ఒక కప్పు ఎక్కువ తీస్తుంది. బయటికి చెబితే నలుగురూ ఏమనుకుంటారోనని ఆ ఇల్లాలు నోరు మెదపదు. ఇటువంటివారు మన ఇళ్లలోనూ ఉన్నారు.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో డ్యూయీ రీస్ అనే డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి, 1971లో ఆ వివరాలు ప్రచురించారు. దాదాపు సగం మందికి ఇటువంటి అనుభవం ఉంది. పోయిన మనిషి దగ్గరే ఉన్నట్టు అనిపించడం అన్నిటికన్నా ఎక్కువ. కొందరికి రూపం కనిపించింది, కొందరికి గొంతు వినిపించింది, బహు కొద్దిమందికి స్పర్శ కూడా తెలిసింది. ఎక్కువమందికి ఇది ఊరటగానే తోచింది. అయినా వారిలో చాలామంది ఆ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు!

ఇలా ఎందుకు జరుగుతుంది? మనం కళ్లతో, చెవులతో మాత్రమే చూడము, వినము. అలవాటుతో, ఎదురుచూపుతో కూడా చూస్తాము, వింటాము అంటారు తత్వవేత్తలు. ఫ్రాన్సుకు చెందిన మెర్లో పాంటీ 1945 నాటి తన గ్రంథంలో, తెగిపోయిన చేయి ఇంకా ఉన్నట్టే అనిపించే రోగుల గురించి చెబుతూ, స్నేహితుని మరణాన్నీ ప్రస్తావించారు. అతని నుంచి జవాబు కోసం ఎదురుచూసి, అది ఇక రాదని తెలిసిన క్షణంలోనే అతడు లేని లోటు మనకు నిజంగా అర్థమవుతుందన్నారు. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యులు మాథ్యూ రాట్‌క్లిఫ్ దుఃఖం గురించి 2022లో ఒక పుస్తకం వెలువరించారు. మనిషి పోయాడని మనసుకు తెలిసినా, ఆయనతో కలిసి అల్లుకున్న లోకం ఒక్కసారిగా మారిపోదన్నది ఆయన పరిశోధన సారాంశం. ఆ కుర్చీ, ఆ తలుపు, ఆ వేళ ఇంకా ఆయననే సూచిస్తుంటాయి.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గాథ మనకు తెలిసిందే. కుమారుని కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్లు తెల్లబడిపోయాయి. యూసుఫ్ చొక్కా ఇంకా దూరాన ఉండగానే ఆయనకు దాని పరిమళం తెలిసింది. చుట్టూ ఉన్నవారేమో అదంతా పాత భ్రమేనన్నారు. అది ప్రవక్తల విషయం, పైగా అక్కడ కుమారుడు బతికే ఉన్నాడు. దానిని మన అనుభవాలతో సమానం చేయరాదు. కాని దుఃఖంలో ఉన్న మనిషి మాటను తొందరపడి తోసిపుచ్చడం ఎంత పొరపాటో ఆ గాథలో ఉంది.

కనుక అమ్మీ "మీ అబ్బా పిలిచినట్టయింది" అంటే నవ్వకండి, కసరకండి, జిన్ను పట్టిందని భయపెట్టకండి. పక్కన కూర్చుని, "ఏమని పిలిచారమ్మీ?" అని అడగండి. నిద్రాహారాలు మానేసినా, వినిపించే మాటలు బెదిరిస్తున్నా డాక్టరుకు చూపించాలి. లేకుంటే ఆమెకు కావలసింది మందు కాదు, వినే మనిషి. సబర్ చేయమని చెప్పడం తేలిక. ఆ సబర్‌కు మనం తోడుగా కూర్చోవడమే కష్టం, అదే అవసరం.