మోటారుచక్రపు మ్రోత

మోటారుకారు చక్రము ఇరుసుపై సులభముగాఁ దిరుగుటకు బేరింగులోని ఉక్కుగుండ్లు తోడ్పడును. నీరు చొచ్చి కందెన చెడినచో గుండ్లు అరిగి మ్రోత పుట్టును. బండి వేగముతోపాటు మ్రోతయు హెచ్చును. గేరు తప్పించినను అది మానకున్నచో దోషము ఇంజనులోనిది కాదు. బాట మాఱినపుడు ధ్వనియు మాఱినచో టైరును శంకింపవలెను. ఎడమకు మరలునపుడు బరువు కుడిచక్రముపైఁ బడును. అప్పుడు మ్రోత హెచ్చినచో సాధారణముగా దోషము కుడి బేరింగుదే.

పిదప సమతలమున బండిని నిలిపి, తక్కిన చక్రములకు అడ్డుపెట్టి, ఆ చక్రమును జాకీతో నెత్తి, పైనను క్రిందను బట్టి యూఁపవలెను. వదులుగాఁ గదలినను, త్రిప్పునపుడు గరగరమనినను, మేస్త్రీచేఁ బరీక్షింపించి బేరింగును మార్పింపవలెను. ఉపేక్షించినచో చక్రము బిగిసిపోవచ్చును, ఊడిపోవచ్చును. చిన్న మ్రోతను ముందే విన్నవాఁడు తన ప్రాణమునేగాక బాటసారుల ప్రాణములనుగూడఁ గాపాడును.