చలికాలంలో బండి ప్రయాణం – రోగిని వెచ్చగా తీసుకురండి

డిసెంబరు, జనవరి నెలల్లో ఓ.పి. చీటీ ముందుగా దొరకాలని మీలో చాలామంది తెల్లవారకముందే మోటారు సైకిల్ మీద బయలుదేరుతారు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు కొండ ఊళ్ల నుండి కిందికి దిగాలన్నా, సాలూరు నుండి విజయనగరం చేరాలన్నా మంచులో చాలాసేపు ప్రయాణం చేయాలి. బండి నడిపేవారు స్వెట్టరు, మంకీ క్యాప్ వేసుకుంటారు. వెనుక కూర్చున్న రోగికి మాత్రం తరచుగా ఒక శాలువాయే దిక్కు. అసలు జాగ్రత్త అవసరమైనది ఆ వెనుక కూర్చున్నవారికే.

బండి మీద చలి ఎందుకు ఎక్కువ?

మన ఒంటి వేడికి చర్మం చుట్టూ పలుచని వెచ్చని గాలి పొర ఏర్పడుతుంది. బండి కదలగానే ఎదురుగాలి ఆ పొరను ఎగరగొడుతుంది. బయట 10 డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే, గాలి తగిలే చర్మానికి సుమారు 5 డిగ్రీల చలిలో ఉన్నట్టే ఉంటుంది. మంచుకు బట్టలు తడిస్తే వేడి ఇంకా త్వరగా పోతుంది.

ఆరోగ్యవంతుని శరీరం లోపల వేడి సుమారు 37 డిగ్రీలు. అది 35 కంటే తగ్గితే ప్రమాదం. వృద్ధులకు, బాగా చిక్కిపోయినవారికి, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి ఒంట్లో వేడి తక్కువగా పుడుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకొని బి.పి. పెరుగుతుంది, గుండె జబ్బు ఉన్నవారికి అది భారం. చల్లగాలి నేరుగా పీలిస్తే ఆస్తమా ఉన్నవారికి ఆయాసం రావచ్చు. నడిపేవారి వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు సమయానికి పడదు.

ముందు గాలిని ఆపండి

ఒక మందపాటి రగ్గు కంటే పొరలు పొరలుగా వేసుకున్న బట్టలే మేలు. లోపల పొడి బనియను, దానిపై స్వెట్టరు, అన్నిటికీ పైన గాలి చొరబడని రెయిన్‌కోటు వేయండి. రెయిన్‌కోటు వానాకాలానికే అనుకోకండి. అది లేకపోతే చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య ఛాతీ మీద నాలుగు మడతల వార్తాపత్రిక పెట్టినా గాలి ఆగుతుంది. చేతులకు గ్లవ్స్, కాళ్లకు మేజోళ్లు, బూట్లు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవారు ముక్కు, నోరు బట్టతో కప్పుకొని, ఇన్‌హేలర్ జేబులో ఉంచుకోవాలి.

శాలువా అంచు, చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా లోపలికి దోపండి. హెల్మెట్ కింద మందపాటి టోపీ పెడితే హెల్మెట్ సరిగా కూర్చోదు. పలుచని బట్ట చాలు. చలికని మందు తాగి బయలుదేరకండి. సారాకు ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించినా, నిజానికి అది చర్మం గుండా వేడిని బయటకు పంపుతుంది.

కరెంటుతో వేడెక్కే జాకెట్ల మాట

ఇప్పుడు కరెంటుతో వేడెక్కే జాకెట్లు, గ్లవ్స్ దొరుకుతున్నాయి. వీటి లోపల సన్నని తీగలు ఉంటాయి. బండి బ్యాటరీ నుండి గానీ, జేబులో పెట్టుకునే చిన్న బ్యాటరీ నుండి గానీ కరెంటు వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఎత్తున ఎగిరే విమానాల సిబ్బంది ఇలాంటి దుస్తులే వాడారు.

మన చిన్న బండ్ల హెడ్‌లైటుకు సుమారు 35 వాట్లు సరిపోతే, బండి బ్యాటరీతో నడిచే జాకెట్ ఒక్కటే 60 వాట్లకు పైగా తీసుకోవచ్చు. 2017 నుండి వచ్చిన కొత్త బండ్లలో హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కనుక మెకానిక్‌ను అడగకుండా బండి బ్యాటరీకి తగిలించకండి. దారిలో బ్యాటరీ దిగిపోవచ్చు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. షుగరు వల్ల కాళ్లు, చేతులు తిమ్మిరెక్కినవారికి, పక్షవాతం వచ్చినవారికి, కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారికి ఈ దుస్తులు వేయకండి. 44 డిగ్రీల వేడి కూడా ఒకే చోట గంటల తరబడి తగిలితే చర్మం కాలుతుంది. స్పర్శ లేనివారికి ఆ సంగతి తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. వేడినీళ్ల సంచి, చలిమంట విషయంలోనూ ఇదే జాగ్రత్త. పసిపిల్లలకు కూడా ఇవి వాడకూడదు.

పసిబిడ్డతో ఇంటికి వెళ్లేటప్పుడు

కాన్పు అయి ఇంటికి వెళ్లేవారు బండి మీద బిడ్డను తీసుకెళ్లకండి. ఎండ వచ్చాక బస్సులోనో ఆటోలోనో వెళ్లండి. బిడ్డ తలకు టోపీ పెట్టి, తల్లి ఒంటికి ఆనించి, ఇద్దరినీ కలిపి కప్పండి. ముక్కు మాత్రం కప్పవద్దు. దారిలో చేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, అరికాళ్లను తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే క్షేమం. అరికాళ్లు చల్లబడితే వెంటనే ఇంకా వెచ్చగా చుట్టి, పాలు పట్టించండి. పొట్ట కూడా చల్లబడితే ఆలస్యం చేయక దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ లక్షణాలు గమనించండి

రోగి విపరీతంగా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, తూలుతున్నా, మత్తుగా ఉన్నా బండి ఆపండి. వణుకు ఆగిపోయి మత్తుగా ఉంటే తగ్గిందనుకోకండి, అది మరింత ప్రమాదం. గాలి తగలని చోట కూర్చోబెట్టి, తడిబట్టలు తీసి, పొడి దుప్పటి చుట్టండి. తెలివిగా ఉంటే గోరువెచ్చని పాలో టీయో ఇవ్వండి. మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయవద్దు. 108కి ఫోన్ చేయండి.

మామూలు చూపింపుకైతే ఒక గంట ఆగి, ఎండ పడ్డాకే బయలుదేరండి. చీటీ వరుసలో వెనుకబడినా ఫరవాలేదు. ఆయాసం, ఛాతీ నొప్పి వంటి అత్యవసరమైతే ఎండ కోసం ఆగవద్దు, బండి ఎక్కించవద్దు. వెంటనే 108ని పిలవండి.