పాల మిషనుకు కరెంటు ఎక్కడిది?

వాన మోసం చేసిన ఏడు శెనిక్కాయల పంట చేతికి రాదు. అప్పుడు ఇల్లు గడిచేది ఆవు పాలతోనే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ సంగతి తెలియని ఆడవాళ్లు లేరు.

పొద్దున, సాయంత్రం పాల కేంద్రానికి పోతారు. అక్కడ పాలు కొలిచి ఊరుకోరు. చిన్న గ్లాసులో కొంచెం పాలు తీసి మిషను కింద పెడతారు. కాసేపటికి అంకెలు వెలుగుతాయి. పాలలో వెన్న ఎంత ఉందో ఒక అంకె చెబుతుంది. దాన్ని ఫ్యాట్ అంటారు. వెన్న, నీళ్లు కాక మిగిలిన పదార్థం ఎంతో ఇంకో అంకె చెబుతుంది. దాన్ని ఎస్.ఎన్.ఎఫ్. అంటారు. ఆ అంకెలను బట్టే డబ్బులు.

ఒకామె రోజుకు 10 కిలోల పాలు పోస్తుంది అనుకోండి. వెన్న 4 శాతం అంటే 400 గ్రాములు. మిషను తప్పుగా 3.7 చూపిస్తే 370 గ్రాములే లెక్కకు వస్తుంది. రోజుకు 30 గ్రాములు పోయింది. నెలకు 900 గ్రాములు. ఆవు మేత తగ్గలేదు, ఆమె కష్టం తగ్గలేదు. అంకె మాత్రం తగ్గింది.

పాతకాలంలో ఈ పరీక్షకు కరెంటుతో పని లేదు. గాజు గొట్టంలో ఆసిడ్ పోసి, దానిలో పాలు పోసి, చేత్తో తిప్పే యంత్రంలో పెట్టి తిప్పేవాళ్లు. గెర్బర్ అనే స్విట్జర్లాండ్ ఆయన కనిపెట్టిన పద్ధతి అది. ఆసిడ్ చేతి మీద పడితే కాలుతుంది. ఇప్పటి మిషనుతో ఆ భయం లేదు. కానీ దీనికి కరెంటు కావాలి. అదీ సరైన కరెంటు కావాలి.

ఇంటి లైనులో వచ్చేది 230 వోల్టులు. దీన్ని ఏ.సి. కరెంటు అంటారు. చాలా పాల మిషన్లు లోపల పనిచేసేది 12 వోల్టుల మీద. దాన్ని డి.సి. కరెంటు అంటారు. మధ్యలో ఉండే నల్ల డబ్బా అడాప్టరు. 230ని 12కు తగ్గించేది అదే.

ఆ డబ్బా మీద చీటీ అతికించి ఉంటుంది. ఒకసారి చదివి చూడండి. ఇన్‌పుట్ అంటే లోపలికి పోయేది. అవుట్‌పుట్ అంటే బయటికి వచ్చేది. అవుట్‌పుట్ దగ్గర ఉండే వోల్టుల అంకె, మిషను వెనక రాసిన అంకె ఒకటే ఉండాలి. 12 అంటే 12. టీవీదో, ఇంకో దానిదో అడాప్టరు దూరింది కదా అని పెడితే మిషను కాలిపోవచ్చు.

ఆంపియర్లు అనే అంకె కూడా ఉంటుంది. అది మిషను మీద రాసినంత ఉండాలి. ఎక్కువ ఉన్నా నష్టం లేదు. బావిలో నీళ్లు ఎన్ని ఉన్నా మనం చేదుకున్నన్నే వస్తాయి గదా, ఇదీ అంతే. తక్కువ ఉంటే మాత్రం అడాప్టరు వేడెక్కిపోతుంది.

పాల కేంద్రంలో నేల ఎప్పుడూ తడే. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోకూడదు. ప్లగ్గు లేదని వైరు కొసలు ఒలిచి, అగ్గిపుల్లతో సాకెట్లో గుచ్చుతారు కొందరు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. ఎవరు చేస్తున్నా ఆపించండి.

ఇక కరెంటు పోయినప్పుడు బ్యాటరీ. 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా మిషను తగిలించవచ్చు. అయితే దానికి కంపెనీ ఇచ్చిన వైరే వాడాలి. ఎర్ర వైరు ప్లస్సుకు, నల్ల వైరు మైనస్సుకు. తిరగేస్తే మిషను చెడుతుంది. ఎర్ర వైరులో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి.

12 వోల్టులు షాకు కొట్టవు, నిజమే. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. చేతి బంగారు గాజు బ్యాటరీ రెండు కొసలకూ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాగుతుంది. చెయ్యి కాలిపోతుంది. బ్యాటరీ దగ్గరికి పోయేముందు గాజులు, ఉంగరాలు తీసి పెట్టండి. ఛార్జింగు అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది. అక్కడ బీడీ కాల్చనివ్వద్దు. మూసిన గదిలో ఛార్జింగు పెట్టొద్దు.

ట్రాక్టరు బ్యాటరీ వాడవచ్చా? అదీ 12 వోల్టులదే. కానీ ఇంజను ఆపి ఉండాలి. స్టార్టు చేసేటప్పుడు వోల్టులు ఒక్కసారిగా పడి లేస్తాయి. లారీ సంగతి వేరు. చాలా లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. దాని జోలికి పోవద్దు.

చిన్న బ్యాటరీ మీద 7 ఏ.హెచ్. అని ఉంటుంది. 30 వాట్ల మిషనును అది రెండు గంటలు నడిపితే గొప్ప. పాతబడితే అంతకూడా రాదు.

మన ఎండకు సోలారు పలక మంచిదే. కానీ 12 వోల్టుల పలక అన్నా, మంచి ఎండలో దాని వైర్ల దగ్గర 20 వోల్టుల దాకా ఉంటుంది. పలకను నేరుగా మిషనుకు తగిలించకూడదు. పలక నుంచి కంట్రోలరుకు, కంట్రోలరు నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి మిషనుకు. అదే వరుస.

జనరేటరు ఉంటే బయట పెట్టాలి. దాని పొగ మూసిన గదిలో మనిషిని చంపుతుంది. ముందు జనరేటరు నడిపి, అది కుదురుకున్నాకే మిషను ప్లగ్గు పెట్టాలి. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు కూడా కొంచెం ఆగాలి. ఉరుములు మెరుపులు వస్తే ప్లగ్గు పీకెయ్యాలి.

బ్యాటరీ దిగిపోతే మిషను ఒక్కోసారి ఆగిపోతుంది. ఒక్కోసారి ఆగదు. లోపలి పంపు పాలను సరిగా లాగలేక, పాలు సరిగా వేడెక్కక, తప్పు అంకె చూపిస్తుంది. నష్టం అక్కడే. అంకెలు మసకబారినా, పంపు చప్పుడు నీరసంగా ఉన్నా, "అన్నా, బ్యాటరీ దిగినట్టుంది. మళ్లా ఒకసారి చూడు" అని అడగండి. అడగడం తప్పు కాదు.

అనుమానం తీరకపోతే ఇంకో దారి ఉంది. కరెంటు ఉన్న రోజున ఒకే క్యానులోని పాలను బాగా కలపమనండి. ముందు కరెంటు మీద, వెంటనే బ్యాటరీ మీద పరీక్ష పెట్టించండి. రెండు అంకెలూ దాదాపు ఒకటే రావాలి. 4.0, 4.1 వస్తే ఫర్వాలేదు. 4.0, 3.7 వస్తే ఆ బ్యాటరీని, వైర్లను చూపించాలి. ఆ లోపల బ్యాటరీ మీద తీసిన అంకెలకు లెక్క కట్టొద్దని కేంద్రంలో చెప్పాలి.