పర్యావరణ అనుమతుల్లో ‘ముందస్తు’ అనే మాటకు ఉన్న విలువ

నంద్యాల: ఉయ్యాలవాడ పేరు వినగానే 1846లో కంపెనీ పాలనపై తిరుగుబాటు చేసిన నరసింహారెడ్డి గుర్తుకు రావడం సహజం. ఆళ్లగడ్డ శాసనసభ నియోజకవర్గ పరిధిలోని ఈ మండలంలో నేడు రైతును ఆలోచింపజేసేది మాత్రం నీటి విషయమే. కుందూ నదిలోకి పరీవాహక ప్రాంతపు వాననీరే గాక, బానకచర్ల క్రాస్ రెగ్యులేటరు నుండి నిప్పులవాగు, గాలేరు మీదుగా వదిలే కృష్ణా జలాలు కూడా చేరుతాయి. కనుక శ్రీశైలం జలాశయం ఒడ్డున ఒక పథకం సాగినా, ఆగినా దాని ఫలితం కుందూ తీర గ్రామాలకు తప్పదు. అటువంటి పథకాలు ఇటీవలి సంవత్సరాలలో ఆగడానికి కారణాలలో నిధుల కొరత కంటే తరచుగా వినిపిస్తున్నది పర్యావరణ అనుమతి. ఆ అనుమతి ఏమిటి, అది ఎప్పుడు పొందాలి అనే విషయమై అధికారులలోను, పాత్రికేయులలోను కొంత అస్పష్టత ఉన్నందున ఈ వివరణ అవసరమవుతున్నది.

రాజ్యాంగంలోని 48-ఎ, 51-ఎ(జి) అధికరణలు 1976లో 42వ సవరణ ద్వారా చేరాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. ఈ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 1994లో మొదటిసారి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనను జారీ చేసింది. దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14న వెలువడిన ప్రకటన నేటికీ, అనేక సవరణలతో, అమలులో ఉన్నది. నదీలోయ పథకాలు, గనులు, సిమెంటు కర్మాగారాలు, విద్యుత్కేంద్రాలు వంటివి ‘ముందస్తు’ పర్యావరణ అనుమతి పొందిన తరువాతనే పనులు చేపట్టాలని ఈ ప్రకటన చెబుతున్నది. స్థలం చదును చేయడం కూడా పని కిందకే వస్తుంది. స్థల సేకరణకు మాత్రమే మినహాయింపు ఉన్నది.

2006 నాటి నిబంధన ప్రకారం 10,000 హెక్టార్లు, అంతకు మించిన ఆయకట్టు గల సాగునీటి పథకానికి కేంద్రమే అనుమతి ఇవ్వవలసి ఉండేది. ఆ పరిమితులను తరువాత సవరించారు. ఆయకట్టే కొలమానం కావడంతో, “కొత్త ఆయకట్టు లేదు గనుక అనుమతి అవసరం లేదు” అనే వాదనకు చోటు ఏర్పడింది. రాయలసీమ ఎత్తిపోతల పథకంలో వివాదం సరిగ్గా ఇక్కడే తలెత్తింది.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం 854 అడుగులకు దిగితే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు ద్వారా తీసుకోగలిగే నీరు బాగా తగ్గిపోతుంది. ఈ ఇబ్బందిని తొలగించడానికి సంగమేశ్వరం వద్ద నుండి రోజుకు 3 టీఎంసీల చొప్పున నీటిని ఎత్తి శ్రీశైలం కుడి ప్రధాన కాలువలో పోయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మే 5న జీవో 203 ద్వారా నిర్ణయించింది. ఇప్పటికే ఉన్న ప్రాజెక్టులకు కేటాయించిన నీటినే సకాలంలో అందించే ఏర్పాటు ఇదని, అదనపు ఆయకట్టు లేదని రాష్ట్రం వాదించింది. కరవును తరతరాలుగా ఎరిగిన సీమ రైతుకు ఆ వాదన న్యాయంగానే తోస్తుంది. అయితే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై ధర్మాసనం 2020 అక్టోబరు 29న వెలువరించిన తీర్పులో దీనిని అంగీకరించలేదు. పథకంలో తాగునీటితో పాటు సాగునీటి అంశం కూడా ఉన్నందున ముందస్తు అనుమతి తప్పనిసరి అని తేల్చింది. అనుమతి లేకుండా పనులు కొనసాగించరాదని 2021 డిసెంబరులో మరోమారు స్పష్టం చేసింది.

ఈ నిబంధన ఒక్క రాష్ట్రానికే వర్తింపజేశారనుకోవడం సరికాదు. అదే 2020 అక్టోబరు 20న, అంటే పై తీర్పుకు తొమ్మిది రోజుల ముందు, తెలంగాణలోని కాళేశ్వరం పథకంపై ట్రైబ్యునల్ ఢిల్లీ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2017 డిసెంబరులో అనుమతి లభించేనాటికే పనులు జరిగిపోయాయని, అది చట్టం కోరిన ముందస్తు అనుమతి కాదని పేర్కొన్నది. కృష్ణా నీటి కోసం ఒకరిపై ఒకరు ఫిర్యాదు చేసుకునే రెండు రాష్ట్రాలకు ఒకే నెలలో ఒకే పాఠం అందడం గమనార్హం.

పని మొదలైన తరువాత తీసుకునే అనుమతి చెల్లుతుందా అనే ప్రశ్నపై సుప్రీంకోర్టు తీర్పులు ఏకరీతిగా లేవు. 2017లో కామన్ కాజ్ కేసులోను, 2020లో అలెంబిక్ కేసులోను అటువంటి అనుమతి చట్ట భావనకే విరుద్ధమన్నది. 2021, 2022 సంవత్సరాలలో వచ్చిన కొన్ని తీర్పులు అసాధారణ పరిస్థితులలో దానికి వీలు కల్పించాయి. ఉల్లంఘన కేసులకు దారి చూపుతూ కేంద్రం 2017లో జారీ చేసిన ప్రకటనను, 2021 నాటి కార్యాలయ ఉత్తర్వును వనశక్తి కేసులో 2025 మే 16న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. ఆ తీర్పును అదే ఏడాది నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 మెజారిటీతో ఉపసంహరించి, విషయాన్ని తిరిగి విచారించాలని ఆదేశించింది. ఇంతమాత్రాన ముందు పని, తరువాత అనుమతి అనే పద్ధతి సక్రమమైపోయిందని భావించరాదు. 2006 ప్రకటనలోని ‘ముందస్తు’ అనే షరతు యథాతథంగానే ఉన్నది.

పోలవరం-బానకచర్ల అనుసంధాన పథకం విషయంలో దరఖాస్తు పని కంటే ముందే వెళ్లింది. నిపుణుల మదింపు కమిటీ 2025 జూన్‌లో దానిని తిప్పి పంపింది. వరద జలాల లభ్యతను, 1980 నాటి గోదావరి ట్రైబ్యునల్ అవార్డుకు పథకం అనుగుణంగా ఉన్నదా లేదా అనే అంశాన్ని ముందు కేంద్ర జలసంఘంతో పరిశీలింపజేయాలని సూచించింది. ఇది నిరాశ కలిగించేదే అయినా కాగితం దశలో వచ్చిన ఆటంకం. సగం తవ్విన కాలువకు, ఖర్చయిన ప్రజాధనానికి ఎదురైనది కాదు.

అనుమతి ప్రక్రియలో గ్రామస్థునికి ప్రత్యక్షంగా సంబంధించిన ఘట్టం ప్రజాభిప్రాయ సేకరణ. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేసే ఈ సభకు జిల్లా కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోను ప్రకటన ఇవ్వాలి. హాజరుకు కోరం అంటూ లేదు. పదిమందే వచ్చినా సభ చెల్లుతుంది. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. వందల పుటల ఆంగ్ల నివేదిక మాట అటుంచి, కొన్ని పుటల తెలుగు సారాంశమైనా చదివితే అర్థమయ్యేలా ఉన్నదా అన్నది సంబంధిత అధికారులు సభకు ముందే చూసుకోదగిన విషయం. 2020లో కేంద్రం ప్రతిపాదించిన ముసాయిదా ప్రకటనను సైతం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న ఆదేశించవలసి వచ్చింది.

హాని జరగదని నిరూపించవలసిన భారం పరిశ్రమపైనే ఉంటుందని సుప్రీంకోర్టు 1999లో చెప్పిన తీర్పు కూడా తెలుగునాటి కేసులోనిదే. హైదరాబాదు జంట జలాశయాల పరీవాహకంలో నూనె కర్మాగారం ఏర్పాటుపై కాలుష్య నియంత్రణ మండలికి, ఎం.వి. నాయుడుకు మధ్య నడిచిన ఆ కేసులో జస్టిస్ ఎం. జగన్నాథరావు, శాస్త్రజ్ఞులు సభ్యులుగా ఉండే పర్యావరణ న్యాయస్థానాల అవసరాన్ని ప్రస్తావించారు. 2010 చట్టంతో ఏర్పడిన హరిత ట్రైబ్యునల్‌లో అటువంటి నిపుణ సభ్యులు ఉన్నారు.

జనవిశ్వాస్ చట్టం చేసిన సవరణల వల్ల 2024 ఏప్రిల్ 1 నుండి పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు జైలు శిక్షకు బదులు రూ.10,000 నుండి రూ.15 లక్షల వరకు జరిమానా విధిస్తారు. అనుమతి మంజూరుపై అభ్యంతరం ఉన్నవారు 30 రోజులలోగా ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల గడువు లభిస్తుంది. ఆ 90 రోజులు దాటితే అప్పీలును స్వీకరించే అధికారం ట్రైబ్యునల్‌కు లేదు. కనుక అనుమతి ఉత్తర్వు అందిన వెంటనే, నిబంధనల ప్రకారం, మండల, గ్రామ పంచాయతీ కార్యాలయాలలో దానిని ప్రదర్శించడం అవసరం.