ఈ మొక్క ఎండ చూసిందా?

చెలకల్లో జామాయిల్ వేయదలచిన కరీంనగర్, ఆదిలాబాద్ రైతులు క్లోన్ మొక్కలు కొనేముందు నర్సరీలో ఈ ఒక్క మాట అడగాలి.

క్లోన్ మొక్క విత్తనంతో రాదు. మంచి చెట్టు లేత కొమ్మ ముక్కను వర్మిక్యులైట్ నింపిన రూట్ ట్రైనర్‌లో గుచ్చి, నీటి తుంపర పడే మిస్ట్ చాంబర్‌లో సుమారు నెల ఉంచితే వేరు పడుతుంది. భద్రాచలం పేపర్ మిల్లు 1989లో ఈ పని మొదలుపెట్టింది.

అయితే తేమలో పెరిగిన ఆకు ఎండకు ఓర్చుకోదు. నేరుగా చేనుకు తెస్తే వాడిపోతుంది. ముందు షేడ్‌నెట్ కిందికి, వారం పది రోజులకు ఆరుబయటికి మార్చి, నీరు తగ్గిస్తూ గట్టిపరచాలి.

వానలకు నేల బాగా తడిశాక, వేరుగడ్డ చెదరకుండా సాయంత్రం పూట నాటుకోవాలి. గట్టిపడని మొక్క చవకగా ఇస్తామన్నా తేవద్దు. పోయేది మొక్క ధర ఒక్కటే కాదు, కోతకు వచ్చే దాకా నాలుగేళ్ల ఎదురుచూపు.